రెండు వైపులా ఎక్కుడే

కొండ ఎక్కడంలో ఎవరూ పైకి చెప్పని సుఖం ఒకటుంది. ఎక్కడ విసుగు పుడితే అక్కడి నుంచి వెనక్కి తిరగొచ్చు. ఆయాసమొచ్చిందనో, ఎండ ముదిరిందనో, కుళాయి వచ్చే వేళయిందనో ఏదో ఒక వంక చెప్పి మలుపు దగ్గరే ఆగిపోవచ్చు. తిరుగుదారంతా దిగుడే కాబట్టి కాళ్లు వాటంతటవే ఇంటికి చేరుస్తాయి. చివరిదాకా ఎక్కనందుకు ఎవరూ జరిమానా వెయ్యరు.

బెజవాడ దగ్గర మా ఇబ్రహీంపట్నం వాళ్లకు ఈ సుఖం బాగా అలవాటు. కొండపల్లి కోట కూతవేటు దూరం. ఆదివారం తెల్లారకముందే వాకింగ్ బ్యాచ్‌లు బయల్దేరతాయి. కొత్త షూలు, టోపీలు, చేతికర్రలు, కొందరి మెడలో విజిల్ కూడా. కాస్త ఎత్తుకు వెళ్లేసరికి థర్మల్ స్టేషన్ పొగగొట్టాలు, హైదరాబాద్ రోడ్డు మీద లారీల వరస, దానికి అవతల ఫెర్రీ రేవు, ఫెర్రీకి అవతల కృష్ణ కనిపిస్తాయి. అక్కడ సగం మంది ఆగిపోతారు. ఫొటోలు దిగుతారు. ఈసారి తప్పకుండా కోట దాకా వెళ్దామనుకుని, రింగ్ సెంటర్‌కొచ్చి ఇడ్లీ తింటారు. ఆ సగంలో నేనున్న ఆదివారాలు తక్కువేం కాదు. సిగ్గుపడేదేమీ లేదు. కొండ వెసులుబాటు ఇస్తుంది, మనం వాడుకుంటాం.

లోయ ఇవ్వదు.

లోయ దారిలో ముందొచ్చేది దిగుడు. కబుర్లు చెప్పుకుంటూ దిగుతాం. ఏమీ ఖర్చు కానట్టే ఉంటుంది. అడుక్కి చేరి తలెత్తి చూస్తే ఇటు కొండే, అటూ కొండే. ముందుకు పోవాలన్నా ఎక్కాలి, వెనక్కి పోవాలన్నా ఎక్కాలి. "ఇక చాలు, ఇంటికి పోదాం" అన్న మాటకు అక్కడ విలువ లేదు. మనసు మార్చుకున్నా, మార్చుకోకపోయినా కాళ్లకు పడే పని ఒకటే. ఈ తేడా నాకు శ్రీశైలం నడకదారిలో, భీముని కొలను అడుగున తెలిసింది. అప్పటి నుంచి అదే బుర్రలో తిరుగుతోంది.

అసలు మనకు లోయలంటే దూరం నుంచి చూసేవి. గండికోటలో పెన్న కోసిన లోయను అంచున నిలబడి చూస్తాం. కాలు జారుతుందేమోనని పిల్లల రెక్క పట్టుకుంటాం, సెల్ఫీ దిగుతాం, వచ్చేస్తాం. పాపికొండల మధ్య గోదావరిని లాంచీ పైఅంతస్తులో కుర్చీ వేసుకుని చూస్తాం. మైకులో పాట, ప్లేట్లో పకోడి, రెండు వైపులా కొండలు వాటంతటవే వెనక్కి జరుగుతుంటాయి. మా వీధిలో పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లు చాలా ఉన్నాయి. ఆ ఇళ్ల హాల్లో, గ్రాండ్ క్యాన్యన్ అంచున అమ్మానాన్నలు స్వెట్టర్లు వేసుకుని నిలబడ్డ ఫొటో ఒకటి తప్పకుండా ఉంటుంది. ఆ లోయ మైలు లోతు. అడుగున ఉన్న కొలరాడో నది దాకా దిగి అదే రోజు తిరిగి ఎక్కే సాహసం చెయ్యొద్దని అక్కడి పార్కువాళ్లు దారిలో బోర్డులు పెట్టారు. వాళ్ల భయం అర్థం చేసుకోదగ్గదే. కొండ మీద అలసట ముందే వచ్చి హెచ్చరిస్తుంది. లోయలో ఆలస్యంగా వస్తుంది. అప్పటికి తేలికైన సగం అయిపోయి, కష్టమైన సగం మిగిలి ఉంటుంది.

కృష్ణకు కూడా అలాంటి లోయ ఉందంటే మా వైపు వాళ్లకు చప్పున నమ్మబుద్ధి కాదు. మాకు తెలిసిన కృష్ణ వెడల్పాటిది, నింపాదిగా పోయేది. ఫెర్రీ దగ్గర నిలబడితే అవతలి ఒడ్డు పల్చటి గీత. బెజవాడలో ఇంద్రకీలాద్రికీ సీతానగరం కొండకీ మధ్య కాస్త ఒదిగి పోతుంది. ఆ దారి అర్జునుడి బాణం చేసిందని కొందరంటారు, కొండే పక్కకు తప్పుకుని ఇచ్చిందని కొందరంటారు. అంత ఒదిగినచోట కట్టిన ప్రకాశం బ్యారేజీయే 1223 మీటర్ల పొడవుంది. అదే నదికి శ్రీశైలంలో అడ్డం కట్టిన డ్యాము పొడవు 512 మీటర్లు, ఎత్తు 145 మీటర్లు. సగం కంటే తక్కువ వెడల్పులోంచి ఆ నీళ్లన్నీ పోవాలంటే లోతు ఎంతుండాలో లెక్కలు రానివాళ్లకూ తెలుస్తుంది. 2009 అక్టోబరులో ఆ ఇరుకులోకి, డ్యాము తట్టుకోవాల్సిన 19 లక్షల క్యూసెక్కులను మించిన వరద వచ్చింది. ఎగువన కర్నూలు మునిగింది. మా బ్యారేజీకి వచ్చేసరికి అది 11 లక్షలు. దానికే ఊళ్లు వణికాయి. 2024 సెప్టెంబరులో ఆ రికార్డు కూడా దాటిపోయింది, ఆ కథ బెజవాడలో ఎవరినడిగినా చెబుతారు.

భీముని కొలను కృష్ణ లోయ కాదు. కృష్ణలోకి పోయే ఒక వాగు నల్లమలను కోసుకుంటూ చేసుకున్న పక్క లోయ. ఆత్మకూరు దగ్గర వెంకటాపురం నుంచి నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను, కైలాసద్వారం, హటకేశ్వరం మీదుగా శ్రీశైలం దాకా అడవిలో నడకదారి ఉంది. ఘాట్ రోడ్లు లేని కాలంలో రాయలసీమ వైపు నుంచి వచ్చేవాళ్లకు ఇదే రాజమార్గం. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో పర్వత ప్రకరణమంటూ ఒక భాగమంతా శ్రీశైలానికే కేటాయించాడంటే ఆ నడకకున్న పేరు ఎంతటిదో ఊహించుకోవచ్చు. పద్నాలుగో శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించాడు. మా కొండపల్లి కోట కూడా ఆ రెడ్డిరాజుల నాటిదనే చెబుతారు. అంటే ఆదివారం మేం సగంలో వదిలేసే మెట్లకూ, కన్నడ దేశం నుంచి వచ్చేవాళ్లు వదలకుండా దిగి ఎక్కే మెట్లకూ దూరపు చుట్టరికం ఉందన్నమాట. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న మద్రాసులో కాశీయాత్రకు బయల్దేరి, శ్రీశైలానికి ఈ దారినే పట్టాడు. ఆత్మకూరు, నాగలూటి, పెద్దచెరువు, అన్నీ ఆయన పుస్తకంలో ఉన్నాయి. ఆయన వెంట పల్లకీ, బోయీలు, పెద్ద పరివారం. యాత్రికుల దగ్గర కందనూరు (కర్నూలు) నవాబు మనుషులు గుంజే సుంకాల సంగతి కూడా దాచకుండా రాశాడు. ఇప్పుడు సుంకం లేదు. పల్లకీ కూడా లేదు.

ఇది పులుల అడవి. ఏడాది పొడుగునా ఎవరు పడితే వాళ్లు నడవడానికి వీల్లేదు. శివరాత్రికీ ఉగాదికీ ముందు రోజుల్లో మాత్రం అటవీశాఖ దారి వదులుతుంది. మేం వెళ్లింది ఉగాదికి. నేను, మా ఆడపడుచు, వాళ్లాయన. మా ఆయనకు మోకాళ్లు సహకరించవు కాబట్టి ఇంటి తాళాలు, కుక్క ఆయన వాటాకొచ్చాయి. బెజవాడలో బస్సెక్కి, దోర్నాల మీదుగా ఆత్మకూరు చేరి, వెంకటాపురంలో నడక మొదలుపెట్టాం.

ఉగాదికి వెళ్లడంలో ఒక విశేషముంది. దారంతా కన్నడమే. బీజాపూర్, బాగల్‌కోట్, రాయచూరు, అటు షోలాపూర్ నుంచి కూడా వేలమంది ఇంటి గడప దగ్గరే చెప్పులు విడిచి రోజుల తరబడి నడిచి వస్తారు. కొందరి భుజాన మల్లయ్య కంబి, అంటే కావడి. కొందరు కర్రకాళ్లు కట్టుకుని నడుస్తారు. వాళ్లకు భ్రమరాంబ ఆడపడుచు. పండగకు చీర, సారె, పసుపు కుంకుమలు పట్టుకుని పుట్టింటివాళ్లుగా వెళ్తారు. నల్లమల చెంచులనడిగితే మల్లయ్య తమ పిల్లను చేసుకున్న అల్లుడంటారు. ఇటువాళ్లు పుట్టింటివారు, అటువాళ్లు అత్తింటివారు. కోస్తా నుంచి వెళ్లే మాకు మాత్రం చుట్టరికమేమీ లేదు, దర్శనం టికెట్టే.

నాగలూటి దాటాక అడవి ఎండి బోసిగా ఉంది. ఆకు రాలిన తపసి చెట్లు తెల్లటి ఒళ్లతో నిలబడి ఉన్నాయి. ఇప్పపువ్వు రాలిన చోట తియ్యటి పులిసిన వాసన. పెద్దచెరువు దగ్గర రాత్రి పడక. ఎక్కడెక్కడి దాతలో వేసిన అన్నదానం పందిళ్లు, సాంబారన్నం, నేల మీద దుప్పటి. అడవిలో పడుకున్నామన్న భయం కంటే పక్కనున్న వందమంది గురకే ఎక్కువ ఇబ్బంది పెట్టింది.

మర్నాడు లోయ అంచుకు చేరేసరికి ఎండ ఎక్కింది. అంచంటే గండికోటలా అంతా కనిపించే చోటనుకోకండి. చెట్లు, బండలు, వాటి మధ్య ఒక్కసారిగా కిందికి మునిగిపోయే మెట్లదారి. అడుగు కనిపించదు. కింద ఎక్కడి నుంచో "హర హర మహాదేవ" అని మాత్రం వినిపిస్తుంది. మెట్లు ఒక కొలతవి కావు. ఒకటి చీలమండ ఎత్తు, తర్వాతది మోకాలి ఎత్తు. వందల ఏళ్ల పాదాలకు రాయి అరిగి నడుమ పల్లమై, నూనె రాసినంత నున్నగా ఉంది. షూ వేసుకున్న నేను జారుతున్నాను. ఉత్త పాదాలవాళ్లు నిలకడగా దిగుతున్నారు.

దిగుడు మొదలయ్యే అంచు దగ్గరే డెబ్బై దాటిన అవ్వ మెట్టు మీద కూర్చుని కాలికి గుడ్డ చుట్టుకుంటోంది. ఆ చుట్టడం చూడాల్సిందే. పాత ఇలకల్ చీర కొంగు పొడుగ్గా చింపిన పేలిక. దాని ఒక కొసను కాలి మెట్టె కింద నుంచి దూర్చి బిగించింది. అక్కడి నుంచి అరికాలి కిందుగా తెచ్చి, మడమ వెనక్కి తిప్పి, మళ్లీ పాదం మీద అడ్డంగా వేసి, మిగిలిన కొసను ముడి వెయ్యకుండా మడతలోకే దోపేసింది. ముడి వేస్తే నడిచేటప్పుడు ఒత్తుతుంది కాబోలు. పేలిక కింద పగుళ్లలో ఆముదమో, పసుపో నల్లగా అంటుకుని ఉంది. నేను చూస్తున్నానని గమనించి, మూటలోంచి ఎండు జొన్నరొట్టె తీసి ఫెళ్లున విరిచి, సగం ముక్క మీద వేరుశెనగ పొడి వేసి నా చేతిలో పెట్టింది. ఎన్నోసారి రావడమని సైగ చేసి అడిగాను. లెక్కపెట్టడం ఎప్పుడో మానేసినట్టు చెయ్యి గాల్లో ఊపింది. "నడి తంగి, నడి" (నడువు చెల్లీ, నడువు) అని లేచి నాకంటే ముందే దిగిపోయింది.

అడుగున కొలను. ఉగాదినాటికి వాగు పారడం మానేసి మడుగులుగా మిగిలింది. అంచుల్లో పచ్చగా నాచు, మధ్యలో తేట నీళ్లు, మునిగిన పాదాల చుట్టూ చిన్న చేపలు. దాహంతో ఉన్న ద్రౌపది కోసం భీముడు గదతో కొట్టి నీళ్లు పుట్టించాడని స్థలపురాణం. పక్కన గోడల్లా లేచిన బండలు అట్ల దొంతరలా పొరలు పొరలుగా ఉన్నాయి. ఈ రాయిని భూగర్భశాస్త్రం చదివినవాళ్లు శ్రీశైలం క్వార్ట్‌జైట్ అంటారు. వందకోట్ల ఏళ్లకు పైబడిన ఇసుక గట్టిపడి రాయైంది. మా కొండపల్లి రాయిది ఇంకో కథ. అది భూమి లోతుల్లో ఉడికి పైకి వచ్చిన రాయి. అంటే అడుగు నుంచి పైకి తేలినదాని మీదికి మేం ఆదివారాలు ఎక్కుతున్నాం, పైన పరిచి ఉన్నదాన్ని కోసిన సందులోకి ఇక్కడ దిగాం. ఆ బండల మీద తడి చీరలు ఆరేసి ఉన్నాయి. తలెత్తితే ఆకాశం చిన్న పేలిక.

అక్కడ కూర్చున్నవాళ్ల మాటలు వింటుంటే ఒకటి గమనించాను. కొండపల్లి మీద కలిసినవాళ్లు మొదట అడిగేది "ఎంతసేపట్లో ఎక్కారు?" అని. ఇక్కడ ఆ ప్రశ్న ఎవరినోటా రాలేదు. "నీళ్లున్నాయా?", "పిల్లాడేడి?", "ఆ మాత్ర వేసుకున్నావా?" ఇవీ ప్రశ్నలు. హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక కుర్రాడు బండకు జారగిలబడి, ఇక్కడి నుంచి ఆటో ఏమైనా దొరుకుతుందా అని మనస్ఫూర్తిగా అడిగాడు. ఆత్మకూరు ఆయనెవరో "దొరుకుతాది సామీ, పైకెక్కితే" అన్నాడు. అందరం నవ్వాం, ఆ కుర్రాడు కూడా. నవ్వి లేచాడు. లేవక ఏం చేస్తాడు?

ఆ "లేవక ఏం చేస్తాడు" దగ్గరే నా ఆలోచన ఆగింది.

మాది కాలేజీల జిల్లా. బెజవాడ చుట్టుపక్కల ఏ ఇంటర్ కాలేజీ వరండాలో చూసినా మంచు శిఖరం మీద జెండా పట్టుకున్న మనిషి పోస్టర్ ఉంటుంది. కింద పట్టుదల గురించి ఒక వాక్యం. పట్టుదల ఉంటే ఏదైనా సాధించొచ్చని మనం పిల్లలకు ఉగ్గుపాలతో నేర్పుతున్నాం. 2014లో 13 ఏళ్ల మాలావత్ పూర్ణ ఎవరెస్టు ఎక్కింది. ఆ పిల్ల ముందు ఎవరైనా చేతులెత్తి దండం పెట్టాల్సిందే, ఎందుకంటే ప్రతి అడుగు దగ్గరా వెనక్కి తిరిగే అవకాశం ఉండి కూడా తిరగలేదు. కానీ బతుకులో మనం పడే కష్టాలు చాలావరకు ఆ జాతివి కావు. లోయ జాతివి. అక్కడ పట్టుదల అన్న మాట అంతగా అతకదు.

మా అత్తగారు పక్షవాతంతో మంచాన పడినప్పుడు, నాలుగు వారాలు ఫిజియోథెరపీ చేయిస్తే లేచి తిరుగుతారన్నారు. సరే అనుకుని మొదలుపెట్టాం. తేలిగ్గానే మొదలైంది. నాలుగు వారాలు నాలుగేళ్లయ్యాయి. పక్క మార్చడం, తినిపించడం, రాత్రిళ్లు లేవడం. చూడ్డానికి వచ్చినవాళ్లందరూ "ఎంత ఓర్పమ్మా నీది" అని మెచ్చుకునేవారు. అది వినగానే నాకు ఎక్కడలేని ఇబ్బంది కలిగేది. ఎందుకో అప్పుడు తెలిసేది కాదు. ఇప్పుడు చెప్పగలను. ఎంచుకున్నదానికి మెచ్చుకోవచ్చు. అడుగుకు చేరినవాళ్లు ఎక్కుతారు, అంతే. ముందుకెక్కినా వెనక్కెక్కినా అలసట ఒకటే అయినప్పుడు ఎవరైనా ముందుకే ఎక్కుతారు. దాన్ని ఓర్పు అనడం లోయను చూడకుండా మనిషిని మాత్రమే చూడటం. అప్పుల్లో కూరుకున్న కౌలురైతు సాగు మానడు, పిల్లల్ని పై చదువుల్లో చేర్చిన నాన్న మధ్యలో ఆపడు. వాళ్లను చూసి ఉపన్యాసకులు పట్టుదలకు ఉదాహరణలంటారు. ఒక్కసారి వాళ్లనడిగి చూడండి. ఇంకేం చెయ్యమంటారని ఎదురడుగుతారు.

అయితే ఈ సిద్ధాంతం నాకు పూర్తిగా నప్పుతుందనుకునేలోపే ఆ అవ్వ అడ్డొచ్చింది. ఆవిడ నాలాగా తెలియక దిగినమనిషి కాదు. అవతలి ఎక్కుడు ఎలా ఉంటుందో మెట్టుమెట్టుకీ తెలుసు. ఏ మెట్టు మోకాలి ఎత్తో, ఎక్కడ నీడ దొరుకుతుందో, ఏ మలుపులో ఊపిరాడదో అన్నీ తెలుసు. తెలిసి, అంచు దగ్గర కూర్చుని, తీరుబడిగా పేలిక చుట్టుకుని దిగింది. లోయలో స్వేచ్ఛ ఉన్న చోటు ఒక్క ఆ అంచే. మాలాంటివాళ్లం కబుర్లలో పడి ఆ చోటును గమనించకుండానే దాటేశాం. ఆవిడ అక్కడ ఆగి మరీ దాటింది. మెచ్చుకోవాల్సింది ఏదైనా ఉంటే ఆ ఆగడాన్నే. ఎక్కడం మేమందరం ఎక్కాం.

ఎక్కుడు గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. వందల మెట్లు, నెత్తిన ఎండ. మా ఆడపడుచు "వదినా, నన్నిక్కడే వదిలెయ్యండి, చెంచులతో బతికేస్తాను" అంది. వాళ్లాయన ఏమీ అనకుండా ఆవిడ సంచీ కూడా భుజానికి తగిలించుకున్నాడు. ఒక చెంచు కుర్రాడు ఉత్త చేతులతో మమ్మల్ని దాటి పైకి పోయాడు. మేం చెమటలు తుడుచుకుంటుండగా ఏదో పని చూసుకుని మళ్లీ కిందికి దిగిపోయాడు కూడా. అతనికది యాత్ర కాదు, పొద్దుటి పని. కైలాసద్వారం దగ్గర రాతి గుమ్మం నీడలో కూర్చున్నవాళ్ల ముఖాల్లో భక్తి ఎంతుందో తెలియదు గానీ, అయిపోయిందన్న నిశ్చింత మాత్రం కొట్టొచ్చినట్టు కనిపించింది. హటకేశ్వరం చేరేసరికి జీపుల హారన్లు, చెరుకురసం బళ్లు, క్యూ లైన్లు.

దర్శనమయ్యాక డ్యాము చూశాం. అప్పుడు తోచింది, ఈ దిగడం ఎక్కడం బాధంతా మనుషులదే, నీళ్లకు దిగడం ఒక్కటే తెలుసని. నీరు పల్లమెరుగు అన్నారు పెద్దలు. శ్రీశైలంలో నిండు నీటిమట్టం సముద్రమట్టానికి 885 అడుగులు. నాగార్జునసాగర్‌లో 590. పులిచింతలలో 175. బెజవాడ బ్యారేజీ దగ్గర 57. ఒక్కచోట కూడా కృష్ణ ఎక్కిన పాపాన పోలేదు. ఎదురొచ్చిన కొండను కోసుకుంటూ పోయింది, అది కూడా దిగడంలో భాగమే. మా ఊళ్లో మాత్రం ఈ లెక్క తప్పింది. 2015లో మొదలైన పట్టిసీమ ఎత్తిపోతల పథకంలో 24 పంపులు గోదావరి నీళ్లను ఎత్తి పోలవరం కుడి కాలువలో పోస్తాయి. ఆ నీళ్లు అక్కడి నుంచి వచ్చి ఇబ్రహీంపట్నం దగ్గరే కృష్ణలో కలుస్తాయి. ఆ చోటుకు పవిత్ర సంగమం అని పేరుపెట్టి హారతులిచ్చారు. పాపికొండల సందులోంచి దిగొచ్చిన గోదావరి కాస్తా ఒక ఎక్కుడు ఎక్కి మా గుమ్మంలోకి వచ్చింది. అయితే దానికి కరెంటు కావాల్సొచ్చింది.

ఈమధ్య కొందరు పెద్దమనుషులు, భీముని కొలనుకు రోడ్డు వేస్తే, లేకపోతే రోప్‌వే పెడితే వృద్ధులకు సుఖమని మాట్లాడుతున్నారు. పాతాళగంగకు రోప్‌వే ఉంది కదా, ఇక్కడెందుకు ఉండకూడదని వాళ్ల వాదన. నా మటుకు నాకు అది వద్దు. పులుల సంగతి అటవీశాఖ చూసుకుంటుంది, నేను చెప్పేది మనుషుల సంగతి. అక్కడికి వస్తున్న వృద్ధుల్లో ఎక్కువమంది బస్సు ఉండి కూడా నడుస్తున్నవాళ్లు. వాళ్లకు కావాల్సింది తీగ మీద వేలాడే డబ్బా కాదు. దారి పొడుగునా తాగునీళ్లు, నాలుగు చోట్ల నీడ, విరిగిన మెట్లకు మరమ్మతు, అడుగున ఒక వైద్యుడు. యాత్ర రోజుల్లో ఇవి కొంతవరకు ఉంటున్నాయి, ఇంకాస్త ఉంటే చాలు.

వెళ్లాలనుకునేవాళ్లకు నాలుగు మాటలు. గుండె జబ్బులున్నవాళ్లు, మోకాళ్లు అరిగినవాళ్లు డాక్టర్నడక్కుండా బయల్దేరకండి. శివరాత్రికి చల్లగా ఉంటుంది, ఉగాదికి ఎండ. కానీ కన్నడంవాళ్ల నడక చూడాలంటే ఉగాదికే వెళ్లాలి. తీసుకెళ్లిన ప్లాస్టిక్ సీసాలు తిరిగి తెచ్చుకోండి, లోయ అడుగున పారేస్తే వానాకాలం వాగు వాటిని తీసుకెళ్లి కృష్ణలో వేస్తుంది, ఆ కృష్ణే మన కుళాయిల్లోకి వచ్చేది. చాలామంది శ్రీశైలం దాకా బస్సులో పోయి, హటకేశ్వరం వైపు నుంచి దిగి కొలను చూసి, మళ్లీ అటే ఎక్కి వచ్చేస్తుంటారు. అలా చెయ్యకండి. వెంకటాపురం నుంచి నడవండి.